రెండు రింగులాయన

రేవులో మల్లెపువ్వు అంటే పువ్వనుకునేరు, మనిషి. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. ముక్కు మీద కోపం, నోటి నిండా మాటలు, ఒంటి మీద ఎప్పుడు చూసినా తెల్ల చొక్కా. ముప్పై ఒక్క ఏళ్ళుగా సరస్సుకి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి మనుషుల్ని దాటించే పడవ ఆయనది. ఆ పడవ ఇంజను వెనకాల వేలాడే రకం కాదు. లోపల, నేలపలకల కింద, చెక్కపెట్టెలో కూర్చుని ఉండే రకం. అలాంటి ఇంజనుకి ఆయిలు మార్చడమంటే ఒళ్ళంతా నలుపు పులుముకోవడమేనని అందరూ అనుకుంటారు. ఆయన మాత్రం ఆ పని కూడా తెల్ల చొక్కాతోనే చేసేవాడు. ఆ పేరు అలా వచ్చింది.

అదేదో షోకు కోసమనుకుంటే పొరపాటు. పడవలో ఇంజను కింద బెత్తెడు సందు కూడా ఉండదు, అడుగున ఆయిలు దిగే ప్లగ్గు విప్పి పళ్ళెం పెట్టడానికి. ఒలికిందంతా పడవ అడుక్కి జారుతుంది. అడుగున చేరిన నీళ్ళని బయటికి తోడే పంపు ఒకటుంటుంది కదా, అది ఆ నీళ్ళతోపాటు ఆయిలునీ సరస్సులోకి చిమ్మేస్తుంది. ఊరంతా తాగేది ఆ నీళ్ళే. "చొక్కా మీద చుక్క పడేసుకున్నవాడు నీళ్ళలో పడెయ్యకుండా ఉంటాడా?" అనేవాడు మల్లెపువ్వు. దానికి ఎదురు చెప్పగలిగిన మొనగాడు రేవులో ఎవడూ లేడు. అందుకని ఆ ఇంట్లో ఒక కట్టుబాటు. తెల్ల చొక్కా వేసుకుని, మరక పడకుండా ఆయిలు మార్చినవాళ్ళకే పడవ తాళంచెవి. తీర్పు చెప్పేది ఇంటావిడ. ఉతికేది ఆవిడే మరి!

ఒక్కగానొక్క కొడుకు పెళ్ళికి ముందు ఒకసారి దిగాడు. పావుగంట తిరక్కుండా చొక్కాలో తెలుపు ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. తల్లి దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి చూసి, అక్కడికక్కడే చించి మసిగుడ్డలు చేసింది. కొడుకు మర్నాడే వెళ్ళి మందుల షాపులో చేరాడు. ఇప్పటికీ హాయిగా ఉన్నాడు, మహానుభావుడు.

ఇక మిగిలింది కోడలు. కుట్టుమిషన్లు బాగుచేసే తండ్రి కొట్లో పెరిగిన పిల్ల. స్క్రూడ్రైవరు చేతికిస్తే ప్రాణం లేచొస్తుంది. కాపురానికొచ్చిన కొత్తలో మామగారికి మజ్జిగ ఇవ్వడానికి రేవుకి వెళ్ళి, ఆ వంకతో ఇంజను పెట్టెలోకి తొంగిచూసింది. అంతే, మర్నాటి నుంచి మజ్జిగ రెండు పూటలా వెళ్ళింది. మూడేళ్ళుగా చుక్కాని కూడా తనే పట్టుకుంటోంది. మల్లెపువ్వు పక్కన కూర్చుని "ఎడమకి, ఎడమకి, నీ ఎడమ కాదే తల్లీ, పడవ ఎడమ!" అని అరిచేవాడు. అరిచినంతసేపూ ఆయన మొహం వెలిగిపోతూనే ఉండేది.

అంతా బాగానే ఉంది గానీ, నాలుగు నెలల నుంచి ఇంజను కారుతోంది. పోయినసారి ఆయిలు మార్చినప్పటి నుంచీ అదే వరస. చుక్కా చుక్కా అడుక్కి దిగుతోంది. రోజూ పొద్దున్నే వంగి, గుడ్డలతో తుడిచి, తిట్టుకుంటూ లేచేవాడు మల్లెపువ్వు. "లోపల ఆయిలుని ఆపే సీలు పోయింది. ఇంజను మొత్తం పైకి లేపాలి. దాని పనీ అయిపోయింది, నా పనీ అయిపోయింది" అనడం మొదలుపెట్టాడు. ఆ మాట ఎలా విన్నాడో ఏమో, ఒడ్డున లాడ్జి నడిపే ఓనరు వాలిపోయాడు. పడవని గట్టు మీదికి లాగించి, ఇంజను పీకేసి, లోపల మట్టి పోసి పూలమొక్కలు పెడతాడట. వచ్చినవాళ్ళు పక్కన నిలబడి ఫొటోలు దిగుతారట. ఆదివారం మధ్యాహ్నం వచ్చి మాట తీసుకుంటానన్నాడు.

ఆ మాట కోడలి చెవిన పడింది. ఆ రోజు అన్నం కంచం ముందు కూర్చుని, కలుపుకున్న ముద్ద కలుపుకున్నట్టే వదిలేసి, "మామయ్యా, పడవ నాకివ్వండి. నేను నడుపుతా" అంది.

మల్లెపువ్వు కంచం పక్కకి జరిపాడు. "కారే ఇంజనమ్మా అది."

"కారితే తుడుచుకుంటా."

"సరే. ఆదివారం పొద్దున. తెల్ల చొక్కా. మరక పడకపోతే తాళంచెవి నీది. పడిందా, లాడ్జి వాడిది."

అత్తగారు అప్పటికప్పుడు లేచి వెళ్ళి భర్త చొక్కాల్లో మంచిది ఏరి ఇస్త్రీ చేసింది. తీర్పు చెప్పేవాళ్ళు పక్షం వహించకూడదు కాబట్టి పైకి ఏమీ అనలేదు గానీ, చేతులు రెండు మడతలు పైకి కుట్టి ఇచ్చింది.

ఆదివారం పొద్దున రేవులో అడుగుపెట్టేసరికి గట్టు మీద వడ్రంగి తయారుగా ఉన్నాడు. పడవలు బాగుచేసే ఈ వడ్రంగి మల్లెపువ్వుకి ప్రాణస్నేహితుడు. అంటే రోజుకోసారైనా పోట్లాడుకోకపోతే ఇద్దరికీ తిన్నది అరగదు. ఆయనకీ ఒక పేరుంది, రెండు రింగులాయన. అది పెట్టింది మల్లెపువ్వే. దాని వెనకాల కథ చెప్పాలి.

ఇంజనుకి ఆయిలు ఫిల్టరని ఒక డబ్బా ఉంటుంది. ఆయిలు మార్చినప్పుడల్లా దాన్నీ మార్చాలి. దాని మూతికి రబ్బరు రింగు. ఫిల్టరు విప్పితే రింగు దాంతోపాటే ఊడి రావాలి, కానీ ఒక్కోసారి ఇంజనుకే అతుక్కుని ఉండిపోతుంది. చూసుకోకుండా దాని మీద కొత్తది బిగిస్తే రెండు రింగులవుతాయి, రెండూ సరిగ్గా కూర్చోవు, ఆయిలు నిలవదు. కన్ను తెరిచి చూసేవాడెవడూ చెయ్యని తప్పది. ఇరవై ఏళ్ళ కిందట వడ్రంగి తన పడవలో ఆ తప్పు చేశాడు. ఇంజను తిప్పగానే నెత్తి నుంచి పాదాల దాకా ఆయిలు స్నానం. ఆ రోజు మల్లెపువ్వు రేవంతా వినపడేలా "రెండు రింగులాయనా!" అని పిలిచాడు. ఆ పేరు ఎంత గట్టిగా అంటుకుందంటే, ఇప్పుడు ఉత్తరాలిచ్చే పోస్టుమాన్ కూడా అలాగే అడుగుతాడు.

"ఏమ్మా, ఇవాళ మీ ఇంటి పరువు నీ చొక్కా మీదే ఉందటగా?" అన్నాడు వడ్రంగి గట్టు మీద కాళ్ళు చాపుకుంటూ.

"దానికి మాటలు చెప్పకు. నువ్వు చూస్తూ ఉండు, నేర్చుకుంటావు" అని కసిరాడు మల్లెపువ్వు. పడవలో ఇంజను పెట్టె పక్కన బల్ల మీద కూర్చుని, చేతిలో టార్చి వెలిగించి, మొహం చిట్లించాడు. "ఛీ, మళ్ళీ బ్యాటరీలు అయిపోయాయి. ఈ నెలలో మూడోసారి. ఏం సరుకో ఏమో."

కోడలు ఆ టార్చి వైపు చూసింది. వెలుతురు కళ్ళు జిగేల్మనేలా ఉంది.

ముందు పడవని పది నిమిషాలు నీళ్ళ మీద తిప్పి తీసుకొచ్చింది. చల్లటి ఆయిలు చిక్కగా మొరాయిస్తుంది, గోరువెచ్చనైతే చెప్పినట్టు వింటుంది. ఇంజను ఆపగానే, అడుగు నీళ్ళు తోడే పంపు స్విచ్చి కట్టేసి, ఎవరూ మరిచిపోయి వెయ్యకుండా దాని మీద టేపు అంటించింది. తర్వాత అత్తగారిచ్చిన మూట విప్పింది. మనవరాలివి పాత పొత్తిగుడ్డలు, ఎనిమిది. నీళ్ళయినా ఆయిలైనా వాటిలా తాగే గుడ్డ ఇంకోటి లేదని ఆ ఇంటి నమ్మకం. ఫిల్టరు కిందా, ఇంజను చుట్టూ సందుల్లోనూ ఒక్కొక్కటే దోపింది.

"ఎన్ని?" అన్నాడు మల్లెపువ్వు.

"ఎనిమిది."

"ఎనిమిదీ బయటికి రావాలి. లోపలికి ఏం వెళ్ళిందో బయటికి అదే రావాలి, అంతే రావాలి. నేను విప్పి చూస్తా." అది ఆయన రెండో చట్టం. పని అయ్యాక ప్రతి గుడ్డా విప్పి, వేళ్ళతో తడిమి, ఎంత తాగిందో చూస్తేగానీ ఆయనకి నిద్ర పట్టదు. చేతి తొడుగులంటే మాత్రం మండిపడతాడు. తొడుగు వేసుకుంటే ఇంజను ఏం చెబుతోందో వేళ్ళకి తెలియదట.

ఫిల్టరు పైభాగంలో మేకుతో చిన్న చిల్లు పొడిచింది. లోపలికి గాలి వెళ్ళి, అందులో ఉన్న ఆయిలు చాలావరకు ఇంజనులోకి దిగిపోవాలని. కాసేపాగి, ఆయిలు కొలిచే పుల్ల బయటికి లాగి తుడిచి, ఆ పుల్ల దిగే గొట్టంలోంచే సన్నటి ట్యూబు అడుగు తగిలేదాకా దింపింది. రెండో కొస మూతబిగించిన డబ్బాలో. చేతిపంపు నాలుగుసార్లు లాగేసరికి నల్లటి ఆయిలు ట్యూబులో పాక్కుంటూ వచ్చింది. ఎక్కడా చుక్క లేదు, వాసన తప్ప ఏమీ లేదు. డబ్బా మీద గీత చూసి, అంతా వచ్చిందని తేల్చుకున్నాక, ట్యూబు ఒక్కసారిగా లాగకుండా, కొస పైకెత్తి పట్టుకుని, చివరి చుక్క జారేదాకా ఓపిగ్గా నిలబడింది. కొసకి బిరడా పెట్టి, గుడ్డ చుట్టి పక్కన పెట్టింది.

గట్టు మీద వడ్రంగి ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. "అబ్బో!" అన్నాడు చివరికి, ఒప్పుకోలేక ఒప్పుకుంటూ.

"నేర్పింది ఎవరనుకున్నావ్?" అన్నాడు మల్లెపువ్వు.

ఇక ఫిల్టరు. అది ఇంజను పక్కన అడ్డంగా పడుకుని ఉంటుంది. వదులు చెయ్యగానే ఎంతోకొంత ఒలికి తీరుతుంది. కోడలు దానికి మందపాటి ప్లాస్టిక్ సంచి తొడిగి, సంచిలోంచే తిప్పింది. కదిలింది. మెల్లగా మర విప్పుకుంటూ వచ్చి చేతిలోకి దిగింది, కారిన కాస్తా సంచిలోకే కారింది. సంచి మూతి కట్టి మామగారి చేతికి అందించింది.

"రింగు వచ్చిందా?" అనడిగాడు ఆయన, ముప్పై ఒక్క ఏళ్ళుగా అడిగినట్టే.

"వచ్చింది మామయ్యా, చూడండి."

ఆయన సంచి విప్పి, ఫిల్టరు మూతి మీద వేలు తిప్పాడు. రింగు తగిలింది. "వచ్చింది. శభాష్."

కోడలు ఇంజను వైపు తిరిగి, ఫిల్టరు కూర్చునే చోటు తుడవబోయింది. వేలికి మెత్తగా ఏదో తగిలింది. తల ఇంకాస్త లోపలికి పెట్టి చూసింది. ఇంజనుకి అతుక్కుని, నొక్కుకుపోయి, ఇంకో రింగు.

ఒక్క క్షణంలో అంతా అర్థమైపోయింది. సీలూ పోలేదు, గీలూ పోలేదు. పోయినసారి మామయ్య ఫిల్టరు విప్పినప్పుడు పాత రింగు ఇక్కడే ఉండిపోయింది. ఆయన వేలు తిప్పకుండా కళ్ళతోనే చూసి ఉంటాడు, కనిపించి ఉండదు. దాని మీదే కొత్తది బిగించాడు. అదృష్టం బాగుండి చిమ్మలేదు, నాలుగు నెలలు చుక్కచుక్కగా కారింది. ఆ చుక్కల్ని చూసి ఆయన ఇంజను ముసలిదైందనుకున్నాడు, తను ముసలివాడయ్యాననుకున్నాడు, పడవని మొక్కల కుండీ చెయ్యడానికి సిద్ధపడ్డాడు.

సంతోషంతో అరవాలనిపించింది ఆమెకి. నోరు తెరిచింది కూడా. అప్పుడు గట్టు మీంచి వడ్రంగి దగ్గు వినిపించింది.

అమ్మో! ఈ మాట పైకంటే ఇంకేమన్నా ఉందా? ఇరవై ఏళ్ళుగా "రెండు రింగులాయనా" అని పిలిపించుకున్న మనిషి మూడు గజాల దూరంలో కూర్చుని ఉన్నాడు. సాయంత్రానికల్లా రెండు ఒడ్లలోనూ ఇదే కబురు. మామయ్య తల ఎత్తుకోగలడా? కసిరినా, అరిచినా, తనకి ఈ పనంతా నేర్పింది ఆ మనిషే. మజ్జిగ వంకతో వచ్చిన కొత్త కోడలికి ఒక్క ప్రశ్నా వెయ్యకుండా, పక్కకి జరిగి ఇంజను దగ్గర చోటిచ్చింది ఆ మనిషే. ఆయనంటే ఆమెకి అంత ప్రేమ ఉందని ఆమెకే ఆ నిమిషం దాకా తెలియదు.

గోటితో రింగుని ఒలిచింది. వచ్చింది. ఇప్పుడు దీన్నెక్కడ పెట్టాలి? సంచి ఆయన చేతిలో ఉంది. పొత్తిగుడ్డలో చుడితే విప్పి చూస్తాడు. అడుగున పడేస్తే పంపులో ఇరుక్కుంటుంది. "ఏం చేస్తున్నావమ్మా, ఇంతసేపు?" అంటూ టార్చి పట్టుకుని వంగుతున్నాడు కూడా.

కోడలు కిందికి చూసుకుంది. తెల్ల చొక్కా. మరక లేదు. ఎడమవైపు జేబు.

రెండు వేళ్ళతో రింగుని జేబులోకి జార్చేసింది.

"తుడుస్తున్నా మామయ్యా. ఫిల్టరు వదులైంది, అందుకే కారుతోంది. ఇంజను వణుకుడికి వదులై ఉంటుంది. సీలు బాగానే ఉంది."

"వదులైందా? అంతేనా?" అన్నాడాయన. ఆ గొంతులో ఆశ విని ఆమె కళ్ళు చెమర్చాయి. ఇంజను పెట్టెలో ఉన్నాయి కాబట్టి ఎవరూ చూడలేదు.

కొత్త ఫిల్టరు రింగుకి కాస్త ఆయిలు రాసి, చేత్తో బిగించింది. గరాటు పెట్టి కొత్త ఆయిలు పోసింది. ఇంజను తిప్పి, కింద తెల్ల కాగితం పరిచింది. పది నిమిషాలైనా కాగితం తెల్లగానే ఉంది. ఎనిమిది గుడ్డలూ బయటికి తీసి అప్పజెప్పింది. మల్లెపువ్వు ఒక్కొక్కటీ విప్పి, తడిమి, తలాడించాడు. పంపు స్విచ్చి మీద టేపు తీసి, చేతులు కడుక్కుని, లైఫ్ జాకెట్టు వేసుకుని మెడదాకా జిప్పు లాగి, పడవని ఒక చుట్టు తిప్పుకొచ్చింది. ఇంజను నాలుగు నెలల్లో ఎన్నడూ లేనంత ముద్దుగా మాట్లాడింది. ఆ జాకెట్టు ఛాతీకి గట్టిగా అదుముకుందన్న సంగతి మాత్రం ఆమె ఆలోచించలేదు.

రేవులోని టికెట్ల గదిలో కిటికీ దగ్గర అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని కూర్చుని ఉంది. లాడ్జి ఓనరు కూడా వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. వెనకాలే మల్లెపువ్వూ వడ్రంగీ వచ్చారు.

"లైఫ్ జాకెట్టు తియ్యమ్మా" అంది అత్తగారు.

కోడలు జిప్పు లాగింది. చేతులు తెలుపు. కాలరు తెలుపు. పొట్ట దగ్గర తెలుపు. ఎడమ జేబు మీద, గాజు గ్లాసు పెట్టి తీసినట్టు, గుండ్రంగా నల్లటి వలయం.

అత్తగారి మొహం పాలిపోయింది. "ఇదేంటే, ఇంత గుండ్రంగా?" అని లేచి జేబు తడిమింది. "లోపలేదో ఉంది."

"తియ్యకు" అన్నాడు మల్లెపువ్వు.

ఆయన దగ్గరికొచ్చాడు. కిటికీ వెలుతుర్లో, అంత దగ్గర్నుంచి, తెలుపు మీద నలుపు ఆయనకీ కనిపించింది. చూపుడువేలితో ఆ వలయం చుట్టూ ఒక్కసారి గాల్లోనే గీశాడు. లోకంలో అంత కొలతతో, అంత గుండ్రంగా మరక చేసే వస్తువు ఒక్కటే ఉందని ఆయనకి చెప్పాల్సిన పనిలేదు.

"అది కొత్తది మామయ్యా" అంది కోడలు గబగబా. "బాక్సులో ఒకటి ఎక్కువొచ్చింది, జేబులో వేసుకున్నా."

"కొత్తదానికి ఆయిలెక్కడిదమ్మా?"

కోడలు తల దించుకుంది.

లాడ్జి ఓనరు గొంతు సవరించుకున్నాడు. "అయితే మరక పడినట్టేగా? మన మాట..."

"మరక మరకే" అంది అత్తగారు. ఎంతో కష్టపడి అంది. న్యాయం తప్పితే ఆవిడకి అన్నం సయించదు.

"మరకే" అన్నాడు మల్లెపువ్వు. "కానీ ఎవరిది? పోయినసారి ఆయిలు మార్చింది నేను. రింగు వదిలేసింది నేను. నాలుగు నెలలు ఇంజనుని తిట్టింది నేను. ఈ పిల్ల దాన్ని ఒలిచి, నా పరువు జేబులో దాచుకుని, తన పడవ పోతుందని తెలిసి కూడా నోరు మెదపలేదు." ఆయన భార్య వైపు తిరిగాడు. "ఆ మరక నాది. నా మరకకి దాన్ని తప్పిస్తే నేను మనిషినేనా? చొక్కా మీద దాని మరక ఎక్కడైనా ఉంటే చూపించు, ఇప్పుడే పడవ ఇచ్చేస్తా."

అత్తగారు వెతికింది. పక్షపాతం లేకుండా, కాలరు కింద, మడతల్లో, గుండీల వెనకా, అంగుళం వదలకుండా వెతికింది. కళ్ళజోడు తీసి పైటచెంగుతో కళ్ళూ అద్దాలూ కలిపి తుడుచుకుంది.

"లేదు. ఒక్కటి లేదు."

లాడ్జి ఓనరు ఇంకెవరి పడవైనా ఖాళీగా ఉందేమోనని అడుగుతూ వెళ్ళిపోయాడు. మల్లెపువ్వు మెళ్ళోంచి తాళంచెవి తీసి, కోడలి జేబులో, ఆ వలయం వెనకాల వేశాడు. తర్వాత వడ్రంగి వైపు తిరిగి, తల ఎత్తే నిలబడ్డాడు. "టార్చి బ్యాటరీలు బాగానే ఉన్నాయిరా. నాలుగు నెలల నుంచీ బాగానే ఉన్నాయి. ఇక నీ పేరు నాకిచ్చెయ్."

వడ్రంగి ఈ రోజు కోసం ఇరవై ఏళ్ళుగా ఎన్ని మాటలు సిద్ధం చేసుకున్నాడో! ఒక్కటీ నోటికి రాలేదు. "ఇన్నాళ్ళు మోశాను, అలవాటైపోయింది. అడగ్గానే ఎలా ఇచ్చేస్తాను?" అని గొణిగి, కిటికీలోంచి నీళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాడు.

మధ్యాహ్నం రెండు గంటల ట్రిప్పుకి కోడలు చుక్కాని పట్టింది. మరక చొక్కా మార్చుకోమంటే మార్చుకోలేదు. మల్లెపువ్వు ముప్పై ఒక్క ఏళ్ళలో మొదటిసారి జనం మధ్య బల్ల మీద కూర్చున్నాడు. ఎడమకి, కుడికి అని ఒక్క మాటైనా అనలేదు. పడవ గట్టు విడిచి నాలుగు బారలు వెళ్ళాక గట్టు మీంచి వడ్రంగి కేక వినిపించింది.

"ఓ రెండు రింగులాయనా! సాయంత్రం కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్దాం, తొందరగా వచ్చెయ్!"

పడవలో ఉన్నవాళ్ళందరూ ఎవర్నా అని చుట్టూ చూశారు. మల్లెపువ్వు లేచి నిలబడి, చెయ్యి ఊపాడు.

"ఆఁ, వస్తున్నా! నువ్వు కూడా నాతో లోపలికి రావాలి!"